పెన్షన్ డబ్బుతో పండిన వంకాయ ధర ఎంత?

పోయిన ఆదివారం విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ కింద కూరలు తూస్తున్నాను. మొదటి నుంచీ మా దగ్గరే కొంటున్న ఒకావిడ వంకాయల గంప దగ్గర ఆగింది. "కిలో 45 ఏంటండీ? మొదట్లో 25కే ఇచ్చేవారు కదా. మీకు పెన్షన్ వస్తుంది, పిల్లలు సెటిలయ్యారు. ఇంకా మీకెందుకండీ అంత రేటు?" అంది. మనసులో ఏదో పెట్టుకుని అన్న మాట కాదది, నేనూ నొచ్చుకోలేదు. ఆమె వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు కాబట్టి "తీరిగ్గా చెబుతానండీ" అని సంచీలో కిలో వేసి పంపేశాను. ఆ తీరిక ఇవాళ దొరికింది.

నా జవాబు ఒక్కటే. పెన్షన్ వస్తోంది కాబట్టే మేం తక్కువకు అమ్మకూడదు.

రిటైరయ్యాక ఆరోగ్యం కోసమో, నేల మీద మమకారంతోనో సేంద్రియ సేద్యంలోకి దిగిన దంపతులు విశాఖ చుట్టుపక్కల మాలాగే ఇంకా ఉన్నారు. సబ్బవరం వైపు, భీమిలి వైపు, కొత్తవలస దాటాక కూడా. వాళ్ళకూ ఇదే మాట చెప్పాలని ఉంది. ఇది నాకు ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు. మా వల్ల ఒక రైతు దెబ్బతిన్నాక తెలిసింది.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి 2017లో రిటైరయ్యాను. 2004 సెప్టెంబరుకు ముందే సర్వీసులో చేరినదాన్ని కాబట్టి నాది పాత పెన్షన్. మా ఆయన స్టీల్ ప్లాంట్‌లో చేసి 2014 ఆగస్టులో రిటైరయ్యారు. ఆయనకు నెలనెలా వచ్చేది చిన్న మొత్తమే గాని, పీఎఫ్ డబ్బు ఒక్కసారిగా చేతికొచ్చింది. ఆనందపురం దాటాక పద్మనాభం వైపు మాకు ఎకరా 40 సెంట్ల జీడితోట ఉండేది. రిటైరై తోటకు వెళ్ళి కూర్చుందామని ఆయన అనుకుంటుండగానే, అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. గంటకు 180 కిలోమీటర్ల తుపాను గాలి. దారిలో పడ్డ చెట్లు తీశాక వెళ్ళి చూస్తే తోటలో నిలబడ్డ చెట్లు ఏడు. మిగతావన్నీ వేళ్ళతో సహా లేచిపోయి ఒకే దిక్కుకు పడుకుని ఉన్నాయి. ఆ రోజు ఆయన ఏడవలేదు గాని, ఇంటికొచ్చాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మూడేళ్ళు ఆ నేల బీడుగానే ఉంది. నేను కూడా రిటైరయ్యాక, మళ్ళీ జీడి పెడితే కాపు చూసేదెప్పుడని, కూరగాయలూ చోళ్ళూ (రాగులు) వేద్దామని నిర్ణయించుకున్నాం. మందులు లేకుండానే చెయ్యాలన్నది మా ఆయన పట్టు. ఆయన తమ్ముడు పొలంలో మందు కొడుతూ కళ్ళు తిరిగి పడిపోయి, వారం రోజులు ఆసుపత్రిలో ఉండి బతికాడు. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు.

మాది ఎర్ర నేల. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్ళకు ఆ రంగు ఎలా ఉంటుందో తెలుసు. నీళ్ళు పోస్తే నిలవవు, ఎరువు వేస్తే ఉండదు. మొదటి భూసార పరీక్షలో, నేల సత్తువ చెప్పే సేంద్రియ కర్బనం 0.31 శాతం వచ్చింది. 0.5 శాతం కన్నా తగ్గితే తక్కువ కిందే లెక్క. తొలకరికి ముందు నవధాన్యాలు చల్లి, మోకాలెత్తు పెరిగాక నేలలో కలియదున్నడం, ఊళ్ళో గెత్తం, అంటే పశువుల ఎరువు, కొని తోలించడం, ఆవును పెట్టుకుని పేడ, ఆవు మూత్రంతో జీవామృతం అనే ద్రవ ఎరువు చేయడం. ఇలా మొదటి మూడేళ్ళూ గడిచాయి. పంట అంతంతమాత్రం. ఆ మూడేళ్ళలో మా చేతి నుంచి పోయింది 2 లక్షల 80 వేలు. ఆరో ఏడు మళ్ళీ పరీక్ష చేయిస్తే కర్బనం 0.58కి వచ్చింది. ఆ కాగితం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం, మా స్కూలు పిల్లల టెన్త్ రిజల్ట్స్ చూసినప్పటి సంతోషం లాంటిది.

ఇక వంకాయ సంగతి.

2020 శీతాకాలంలో 20 సెంట్లలో వంగ వేశాం. దాదాపు 2,000 మొక్కలు. వంగ వేసినవాడికి మొదటి శత్రువు కొమ్మ, కాయ తొలిచే పురుగు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు మడిలోకి వెళితే, నిటారుగా ఉన్న మొక్కల మధ్య అక్కడక్కడా కొన్ని చివుళ్ళు తల వాల్చి కనిపిస్తాయి. నీళ్ళు చాలకపోతే మొక్క మొత్తం వాడుతుంది. పురుగు దూరితే ఆ ఒక్క చివురే వాలుతుంది. దాన్ని వేలెడు పొడవున తుంచి గోటితో చీలిస్తే లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో లేత గులాబీ రంగు పురుగు, బియ్యపు గింజంత, ముదురు రంగు తల ఊపుతూ వెనక్కి జరుగుతుంటుంది. సబ్బునీళ్ళ డబ్బా నడుముకు కట్టుకుని, వాలిన ప్రతి చివురూ తుంచి అందులో వేసుకుంటూ వరస తర్వాత వరస నడవాలి. ఇది వారానికి రెండుసార్లు చేయకపోతే ఆ పురుగు కాయలోకి దిగుతుంది. కాయలోకి దిగాక మనం చేయగలిగింది లేదు. మగ రెక్కల పురుగుల్ని పట్టే లింగాకర్షక బుట్టలు కట్టాం, వేపగింజల కషాయం కొట్టాం. అవి సాయం చేస్తాయి గాని, అసలు పని చేసేది ఆ తుంచే చెయ్యే. ఈ ఒక్క పురుగు కోసమే, దాన్ని తట్టుకునేలా జన్యువు మార్చి బీటీ వంకాయ తయారుచేశారు. దేశమంతా పెద్ద చర్చ జరిగాక 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని ఆపింది. పురుగు మాత్రం ఆగలేదు. మందు కొట్టే రైతులు కొందరు నాలుగైదు రోజులకోసారి, కోతకు ముందు రోజు కూడా కొట్టేది దీని కోసమే. వాళ్ళు మంచివాళ్ళు కాక కాదు. వంగమడిలో రెండు గంటలు నడుము వంచి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఆ ఏడు మాకు 1,250 కిలోలు దిగాయి. మధురవాడ, ఎంవీపీ కాలనీల్లో తెలిసినవాళ్ళ అపార్ట్‌మెంట్లలో కిలో 25కి అమ్మాం. ఎందుకు 25? రైతు బజారు ధర చూసి దానికి కాస్త అటూ ఇటూగా పెట్టేశాం. అంతకు మించి ఆలోచించలేదు. గంపలు ఖాళీ అవుతున్నాయి, జనం మెచ్చుకుంటున్నారు, మిగతా సంగతి నాకు పట్టలేదు.

మా తూర్పు గట్టు పక్కన 70 సెంట్లు కౌలుకు చేసుకునే రైతు ఒకతను ఉండేవాడు. నలభై ఏళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు. నన్ను టీచరమ్మా అంటాడు, మా ఆయన్ని బాబుగోరూ అంటాడు. ఊళ్ళో ప్రకృతి వ్యవసాయం గురించి చెప్పే మీటింగులకు వెళ్ళి, 2019 నుంచి 20 సెంట్లలో మందు మానేశాడు. వంకాయలూ బెండకాయలూ బండి మీద పెట్టుకుని మధురవాడ కాలనీలకు తెచ్చి కిలో 35కి అమ్ముకునేవాడు. అతను తిరిగే వీధుల్లోకే మేమూ వెళ్ళాం. మేం వెళ్ళిన ఆరు వారాలకు అతని బండి ఆ వీధుల్లో కనపడటం మానేసింది. నేను గమనించలేదు కూడా.

2021 ఫిబ్రవరిలో ఒక పొద్దున చివుళ్ళు తుంచుతుంటే తూర్పు గాలికి మందు వాసన వచ్చింది. గట్టెక్కి చూస్తే అతను వీపుకు ట్యాంకు తగిలించుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని వంగమడికి కొడుతున్నాడు. "ఏంటి బాబూ, మళ్ళీ మొదలుపెట్టావు?" అన్నాను. నా గొంతులో కాస్త టీచరు కోపం ఉండే ఉంటుంది. అతను ట్యాంకు దించి, తువ్వాలు తీసి, గట్టు మీద కూర్చున్నాడు.

"మీకేటమ్మా, ఒకటో తారీకు పింఛను పడిపోతాది. నాకీ వంగమడే పింఛను. మీరు పాతిక్కి ఇచ్చెస్తే, ముప్పయ్యైదుకి నా కాయ ఎవులు కొంతారు?"

నాకు నోట మాట రాలేదు. అతని మాటలో నిష్ఠూరం కూడా లేదు. కూలి రేటెంతో, వానెప్పుడో చెప్పినంత మామూలుగా చెప్పాడు.

ఆ రాత్రి నేను పద్దు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. అప్పటిదాకా మా పుస్తకంలో రెండే వరసలు. ఒకటి ఖర్చు, ఒకటి రాబడి. దుక్కి, నారు, కషాయాల సామాను, కలుపు కూలి, ఆటో, అన్నీ కలిపి 22,600. అమ్మకాలు 31,250. మిగులు 8,650. మూడేళ్ళ తర్వాత మొదటిసారి లాభం వచ్చిందని మేం మురిసిపోయింది ఈ అంకె చూసే. ఆ రాత్రి మూడో వరస గీశాను. మేమిద్దరం కలిసి మడిలో రోజుకు తక్కువలో తక్కువ 4 గంటలు. అలా 150 రోజులు. 600 గంటలు. 8 గంటల పనిదినం కింద లెక్కేస్తే 75 కూలి దినాలు. మా దగ్గర అప్పటి కూలి 400. అంటే 30,000. ఇది కలిపితే ఆ వంగమడికి అయిన అసలు ఖర్చు 52,600. కిలోకి 42 రూపాయల పైన. మేం అమ్మింది 25కి. ప్రతి కిలో మీదా 17 రూపాయలు మేమే పోసి అమ్మాం. ఆ 17 రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయి? నా పెన్షన్ నుంచి.

ముప్పై ఏళ్ళు పిల్లలకు లాభనష్టాల లెక్కలు చెప్పినదాన్ని. కొన్న వెల, అమ్మిన వెల అని బోర్డు మీద రాసినదాన్ని. మా కష్టానికి వెల కట్టడం మాత్రం నాకు తోచలేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. నా పెన్షన్ ఆకాశం నుంచి ఊడిపడదు. ఖజానా నుంచి వస్తుంది. పక్క రైతు కొన్న సబ్బు మీద, చివరికి ఆ పురుగుమందు డబ్బా మీద కట్టిన పన్ను కూడా అందులో కలుస్తుంది. అతను కట్టిన పన్నులోంచి వచ్చిన డబ్బుతోనే అతని కాయ ధర కిందికి నెట్టాం. చట్టం ప్రకారం ఇందులో తప్పు లేదు, ఎవరూ మమ్మల్ని అడగరు. అయినా ఇది న్యాయం కాదని నా మనసుకు తెలుసు.

ఈ సేద్యాన్ని మొదట్లో జీరో బడ్జెట్ వ్యవసాయం అనేవారు. 2019 జులైలో కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో కూడా ఆ మాట వినిపించింది. దాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారి పద్ధతుల మీద నాకు గౌరవం ఉంది. మేం చేసే జీవామృతం ఆయన చెప్పినట్టే చేస్తాం. కానీ ఆ జీరో అన్న మాట దగ్గర నాకు పేచీ ఉంది. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. అనకాపల్లి నుంచి రంగు తేల్చని ముదురు బెల్లమే తెస్తాం, హైడ్రోస్ అనే రసాయనం కలిపి తెల్లబరిచింది వాడం. పొద్దునా సాయంత్రం కర్రతో కలుపుతూ 48 గంటలు నీడలో ఉంచాలి. బెల్లం, పిండి కొంటే డబ్బు. కొనని వాటి వెనక ఆవు ఉంది. ఆవుకు గడ్డి కావాలి, కుడితి కావాలి, తెల్లవారి 5 గంటలకు పేడ ఎత్తే మనిషి కావాలి. పంచితం పట్టాలంటే ఆవు లేచే వేళకు ముంత పట్టుకుని పక్కనే నిలబడాలి. ఇదంతా జీరో ఎలా అయింది? ఆ పని ఇంట్లో ఆడవాళ్ళు చేస్తారు కాబట్టి అయింది. ఎరువుల బస్తా మానేస్తే ఆ మిగిలిన డబ్బు కనిపిస్తుంది. దాని బదులు పెరిగిన కలుపు, ఆ కలుపు తీసే ఆడవాళ్ళ మోకాళ్ళు కనిపించవు. తర్వాత ఆ పేరు మార్చి ప్రకృతి వ్యవసాయం అన్నారు. మంచి పని చేశారు.

మా తోట చూడటానికి వచ్చేవాళ్ళూ ఎక్కువే. వీడియోలు తీసుకునేవాళ్ళు, పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు. రావాలి, మాకూ సంతోషమే. కానీ ఒకసారి ఒక పెద్దాయన మా బెండ తోటలో నిలబడి, గట్టు అవతల పనిచేసుకుంటున్న రైతుకు వినపడేలా, "ఈ వయసులో వీళ్ళు చేయగలుగుతుంటే రైతులకేమొచ్చింది? ఒళ్ళు వంగక!" అన్నారు. ఆ మాటకు నా ఒళ్ళు మండింది. ఆయన్ని కూర్చోబెట్టి గులాబ్ తుపాను సంగతి చెప్పాను. 2021 సెప్టెంబరు చివర్లో ఆ తుపాను వానకు విశాఖలో కాలనీలకు కాలనీలే మునిగాయి. మా టమాటా, చిక్కుడు నీళ్ళలో నానిపోయి నాలుగు రోజుల్లో కుళ్ళిపోయాయి. మాకు 40 వేల దాకా నష్టం. తెల్లారి మా కాఫీ మాకుంది, మా పేపరు మాకొచ్చింది, ఒకటో తారీకున బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. పక్క రైతు అదే వానకు భార్య మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టాడు. ఒకే వాన, ఒకే గట్టు. మేం పంట పోగొట్టుకున్నాం, అతను పంటతో పాటు నిద్ర కూడా పోగొట్టుకున్నాడు. మేం బాగా చేస్తున్నాం కాబట్టి అతనూ చేయగలడని ఎవరైనా అంటే, పెన్షన్ సంగతి ఎత్తకుండా అంటున్నారన్నమాట. దయచేసి మమ్మల్ని రైతులకు ఆదర్శంగా చూపించకండి. ఆ పోలిక మాకు వద్దు.

మా అమ్మాయి దీనికి ఒక అడ్డు ప్రశ్న వేసింది. "ధర పెంచుకుంటూ పోతే బీదవాళ్ళు మందు లేని కూర ఎప్పుడు తింటారమ్మా?" ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. పోనీ 25కి అమ్మినప్పుడు తిన్నదెవరు? అపార్ట్‌మెంట్లలో ఉండే మాలాంటివాళ్ళే. కిలో 45 కూడా పెట్టగలిగినవాళ్ళే. మా అప్పటి 17 రూపాయల దానం వెళ్ళింది వాళ్ళకు. ఇవ్వాలనుకుంటే ఇవ్వవలసిన చోట ఇవ్వాలి. ఇప్పుడు వారానికి రెండు రోజులు మా ఊరి అంగన్వాడీకి తోటకూర, గోంగూర, ములగాకు ఊరికే పంపిస్తున్నాం. దానం దానంగా చేస్తాం, బేరం బేరంగా చేస్తాం. రెండూ కలిపేసినప్పుడే పక్కవాడి పొట్ట మీద పడింది.

అసలు బీదవాళ్ళకు ఇలాంటి కూర అందాలంటే రైతులు వేలమంది ఇందులోకి రావాలి. వాళ్ళు రావాలంటే మొదటి మూడేళ్ళ నష్టం ఎవరో ఒకరు మోయాలి. శ్రీలంకలో 2021లో రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసి, అందరూ సేంద్రియంలోకి మారాలన్నారు. దిగుబడులు పడిపోయి, రైతులు రోడ్డెక్కి, ఆ ఏడాది నవంబరుకల్లా వెనక్కి తీసుకున్నారు. అక్కడ ఆ భారం మొత్తం రైతు నెత్తినే పడింది. మన రాష్ట్రంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. పేపర్లో చూసి మా ఆయన ఆ ముక్క కత్తిరించి దాచుకున్నారు. ఆ కార్యక్రమంలో నాకు నచ్చినది ఒకటుంది. అక్కడ రైతుకు పాఠం చెప్పేది మరో రైతు, ఊళ్ళో మహిళా సంఘాల ఆడవాళ్ళు. తాను చేసి, తాను నష్టపోయి, తాను నిలబడ్డ మనిషి చెబితే ఆ మాట తీరే వేరు.

అలాంటప్పుడు మాలాంటివాళ్ళకు ఇందులో చోటు లేదా? ఉంది. పెన్షన్ ఉన్నవాడికి ఉన్నదీ, రైతుకు లేనిదీ ఒక్కటే. అది ఓపిక పట్టే వీలు. ఈ పంట పోతే వచ్చే పంట చూద్దాం అనగలగడం. ఆ వీలును ధర తగ్గించడానికి వాడితే అది పక్క రైతుకు గొయ్యి తవ్వుతుంది. ఎవరూ మోయలేని బరువు మోయడానికి వాడితే అదే అతనికి ఆసరా అవుతుంది.

ముందు మేం చేసింది ధర మార్చడం. తర్వాతి సీజన్లో అతన్ని ఇంటికి పిలిచి, మా పద్దు పుస్తకం చూపించి, ఇకమీదట వంకాయ ధర నువ్వు చెప్పు, మేం అంతకే అమ్ముతాం అన్నాం. అతను మొదట నమ్మలేదు. 35 అన్నాడు, అంతకే అమ్మాం. మాకు కొంతమంది కొనేవాళ్ళు తగ్గారు. తగ్గనివ్వండి అనుకున్నాం. ఈ ఏడు కూలి, రవాణా పెరిగాయని 45 అన్నాడు. ఎంవీపీ కాలనీ ఆవిడ అడిగిన రేటు అతను కట్టిన రేటే.

రెండోది విత్తనం. ఊళ్ళో పాతకాలపు ముళ్ళ వంకాయ ఒకటి ఉండేది, కాయ చిన్నది, గుండ్రంగా ఉంటుంది, కూరకు రుచి. దిగుబడి తక్కువని అందరూ వదిలేశారు. ఒక ముసలమ్మ పెరట్లో రెండు మొక్కలుంటే విత్తనం తెచ్చి మూడేళ్ళుగా పెంచుతున్నాం. ఇలాంటి పని రైతు చేయలేడు, అతని ప్రతి సెంటూ ఈ ఏడు డబ్బు తేవాలి. మేం చేయగలం.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, నేల. భోగాపురం విమానాశ్రయం పని మొదలయ్యాక మా వైపు భూముల ధరలు ఎలా పెరిగాయో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. వారానికో బ్రోకరు మా గేటు దగ్గర ఆగుతాడు. 2023 వేసవిలో పక్క రైతు చేసే 70 సెంట్ల యజమాని కౌలు వద్దని చెప్పి, నేల చదును చేయించి, ప్లాట్ల హద్దులకు పసుపు రంగు రాళ్ళు పాతించాడు. నాలుగేళ్ళుగా అతను గెత్తం పోసి బాగు చేసుకున్న 20 సెంట్లు కూడా ఆ చదునులోనే పోయాయి. అక్కడ ఇప్పుడు పల్లేరు మొలుస్తోంది.

కౌలు రైతు సేంద్రియంలోకి ఎందుకు రాడని అడిగేవాళ్ళకు నేను ఆ రాళ్ళు చూపిస్తాను. నేల బాగుపడటానికి మాకు ఆరేళ్ళు పట్టింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, అందులో ఒప్పందం 11 నెలలకు. అది కూడా యజమాని సంతకం పెడితేనే. 11 నెలలు చేతిలో ఉండే నేలకు ఆరేళ్ళ ఎరువు ఎవరు పోస్తారు? ఆ రైతును తప్పుపట్టే ముందు, సిటీలో కూర్చుని పల్లెలో భూమి ఉంచుకున్న మనం, అంటే ఉద్యోగులం, రిటైరైనవాళ్ళం, మన కాగితాలు తీసి చూసుకోవాలి. యజమానులం మనమే.

అందుకే మా ఎకరా 40 సెంట్లలో 60 సెంట్లు అతనికి ఆరేళ్ళకు కౌలుకిచ్చాం. ఏడాది దాటిన కౌలుకు రిజిస్ట్రేషన్ ఉండాలి కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళి రాయించాం. మొదటి మూడేళ్ళు కౌలు లేదు. గెత్తం, జీవామృతం మావి. తర్వాతి మూడేళ్ళు పండినదాంట్లో నాలుగో వంతు. బంధువుల్లో కొందరు "రాతపూర్వకంగా ఇస్తే భూమి పోతుంది, మీకు మతి పోయిందా" అన్నారు. మా ఆయన వాళ్ళకు చెప్పిన మాట నాకు ఇష్టం. "హుద్‌హుద్‌లో ఒక్క పూటలో తోటంతా పోతే ఏం చేశాం? మళ్ళీ మొదలెట్టాం. కాగితానికి భయపడతామా?"

చుట్టుపక్కల ఐదుగురు రైతులం కలిసి పీజీఎస్ గ్రూపు, అంటే రైతులే ఒకరికొకరు హామీగా ఉండి సేంద్రియ సర్టిఫికెట్ తెచ్చుకునే గ్రూపు, కూడా పెట్టుకున్నాం. ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుని సంతకాలు పెడతాం. మాలాంటి చిన్న రైతులు నేరుగా తినేవాళ్ళకు అమ్ముకుంటే ఈ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. కానీ అతని కాయకు కూడా మా కాయతో సమానంగా ఒక కాగితం ఉండాలని పట్టుబట్టాం. టీచరమ్మ చెప్పింది కాబట్టి మందు కొట్టి ఉండరులే అని జనం నన్ను నమ్ముతారు. ఆ నమ్మకం నా ఉద్యోగం చూసి వచ్చింది. అతనికి ఆ వీలు లేదు, అతను కష్టపడి రుజువు చేసుకోవాలి. ఈ తేడా కూడా నాకు బాధే.

ఇంకో మాట, వయసు సంగతి. నాకు 68, ఆయనకు 71. ఆయన కుడి మోకాలు ఇక వంగదు, నేను చివుళ్ళు తుంచడానికి ప్లాస్టిక్ స్టూలు వేసుకుని వరసలో జరుగుతున్నాను. పొలం మాకు చాలా ఇచ్చింది. ఆయన షుగరు అదుపులో ఉంది, ఇద్దరికీ రాత్రి పడుకోగానే నిద్ర పడుతుంది, మాట్లాడుకోవడానికి రోజూ ఏదో ఒకటి ఉంటుంది. పొద్దున్నే ఆకు వెనక అక్షింతల పురుగులు పంటను పీల్చే పేనుబంకను తింటూ కనిపిస్తే ఆయన నన్ను కేకేసి పిలుస్తారు, నేను పని వదిలి వెళ్ళి చూస్తాను. కానీ ఇంకో ఐదేళ్ళకో ఆరేళ్ళకో ఈ పని మా వల్ల కాదు. అప్పుడు కర్బనం 0.58కి చేరిన ఆ నేల ఎవరి చేతిలో ఉండాలి?

కౌలు గడువు 2029 మే నెలతో అయిపోతుంది. మొన్న వంకాయలు ఆటోలో ఎక్కిస్తూ అతనే అడిగాడు, "ఆ తరవాత ఏటమ్మా?" అని. ఇంకా చాలా టైముంది గదా అనబోయి ఆగిపోయాను. ఆ గడువు నాకు చాలా దూరం, అతనికి కాదు. ఆ రాత్రి మేమిద్దరం కూర్చుని, గడువు ఇంకో పదేళ్ళు పెంచి రాయాలనీ, మా తర్వాత భూమి పిల్లలకు వచ్చినా కౌలు అలాగే సాగాలని అందులో రాయించాలనీ అనుకున్నాం. అమ్మాయి ఫోన్లోనే సరే అంది. అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు, బ్రోకర్లు వాడికి కూడా ఫోన్లు చేస్తున్నారు. ఆలోచించి చెబుతానన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు, వాడి లెక్కలు వాడికుంటాయి. సంక్రాంతికి వస్తున్నాడు. భోగి మర్నాడు పొద్దున్నే వాణ్ణి ఆ మడిలోకి తీసుకెళ్ళి, సబ్బునీళ్ళ డబ్బా చేతికిచ్చి, రెండు గంటలు మాతో పాటు వరసలు తిప్పాలి. పక్క రైతును కూడా రమ్మన్నాం. పని అయ్యాక గట్టు మీద కూర్చుని మాట్లాడతాం. పద్దు పుస్తకం నేను తీసుకెళతాను.